ఫిజీ దీవుల మాట – మన ఊళ్ల యాస

(బోరబండలో జరిగిన మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి మూడు సమావేశాల్లోనూ మనం కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్టు గురించే మాట్లాడుకున్నాం. అవి మాట్లాడుకోక తప్పదు. ఈసారి మాత్రం, "మీరు ఆస్ట్రేలియా వెళ్లివచ్చారు గదా, ఆ విశేషాలు నాలుగు చెప్పండి" అని కార్యదర్శిగారు ఆదేశించారు. ఆస్ట్రేలియా విశేషాలు మీ పిల్లలూ మనవలూ ఫోనులో చూపిస్తూనే ఉంటారు. కాబట్టి వాటిని వదిలి, అక్కడ నా చెవిన పడిన ఒక దీవుల భాష గురించి చెబుతాను. అది విన్నాక మన మాట గురించి నాకు కలిగిన ఆలోచన కూడా మీకు మనవి చేస్తాను.

కొత్తగా చేరిన సభ్యుల కోసం ఒక మాట. నేను తపాలా శాఖలో 32 సంవత్సరాలు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం సార్టింగు. రాత్రంతా కవర్ల మీద ఊళ్ల పేర్లు చదవటమే ఉద్యోగం. ఒకరు వరంగల్ అని రాస్తారు, ఇంకొకరు ఓరుగల్లు అంటారు. బెజవాడ అని రాసినా విజయవాడ సంచిలోనే వేయాలి. ఇందూరు అంటే నిజామాబాద్, పాలమూరు అంటే మహబూబ్‌నగర్. కాగితం మీద పేరు ఒకటి, జనం నోట్లో పేరు ఒకటి అన్న సంగతి మాకు ఆ బల్లల దగ్గరే ఒంటబట్టింది. రిటైరయినా ఆ ఆసక్తి పోలేదు.

సిడ్నీలో మా అమ్మాయి ఉండే వీధిలో ఫిజీ దేశం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉంటారు. నాకంటే ఆరేళ్లు పెద్ద. అక్కడ బడిపంతులుగా చేశారు. 1987లో ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగాక భారతీయ సంతతివారు చాలామంది ఆ దేశం వదిలి ఆస్ట్రేలియాకు, న్యూజిలాండుకు వలస వెళ్లారు. ఆయన కుటుంబం కూడా అలా వచ్చిందే. సాయంత్రం పూట పార్కులో కూర్చునేవాళ్లం. ఆయన ఫిజీ హిందీ, నా హైదరాబాదు హిందీ కలిసి మా కబుర్లు నడిచేవి. ఫిజీ మూలవాసుల భాష ఆయనకు బాగా వచ్చు. ఆయన దగ్గర విన్నదీ, తరువాత పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నదీ మీ ముందు పెడుతున్నాను.

భాషల బంధుత్వం

ఫిజీ పసిఫిక్ మహాసముద్రంలో ఉంది. 300కు పైగా దీవులు. మనుషులు నివసించేవి వందకు కొంచెం ఎక్కువ. పెద్ద దీవులు రెండు: వీతీ లేవు, వనువా లేవు. వీతీ లేవు అంటే అక్కడ వీధులు లేవని అనుకోకండి. వాళ్ల భాషలో 'లేవు' అంటే పెద్దది అని అర్థం. ఆ దేశం పేరు వాళ్ల నోట 'వీతీ'. పక్కనున్న టోంగా దీవులవారు దాన్ని 'ఫిసీ' అన్నారు. తెల్లవారు టోంగావారి నోట విని ఫిజీ అని రాసుకున్నారు. అంటే పొరుగువారి ఉచ్చారణే ఆ దేశానికి పేరుగా నిలిచిపోయింది. ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు. మద్రాసులోని ఇంగ్లీషువారు మన తెలుగును కూడా చాలాకాలం 'జెంటూ' అనే పిలిచారు.

ఫిజీ భాష ఆస్ట్రోనేషియన్ కుటుంబానికి చెందింది. పశ్చిమాన ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ నుంచి తూర్పున ఈస్టర్ దీవి దాకా, ఉత్తరాన తైవాన్ నుంచి దక్షిణాన న్యూజిలాండ్ దాకా ఈ కుటుంబం పరుచుకుని ఉంది. 1200కు పైగా భాషలు. కొన్ని వేల ఏళ్ల క్రితం తైవాన్ ప్రాంతం నుంచి పడవల మీద బయలుదేరినవారు దీవి నుంచి దీవికి సాగిపోయారు. సుమారు 3000 సంవత్సరాల క్రితం ఫిజీ చేరారు. అంత సముద్రం దాటినా కొన్ని మాటలు చెక్కుచెదరలేదు. కన్నును మలయాలో 'మత' అంటారు, ఫిలిప్పీన్స్‌లో 'మత', ఫిజీలో 'మత', న్యూజిలాండ్ మావోరీలు కూడా 'మత' అనే అంటారు. అయిదును మలయాలో 'లిమ', ఫిజీలో 'లిమ', హవాయిలో కూడా 'లిమ'. మన కన్ను, తమిళుల కణ్, కన్నడిగుల కణ్ణు ఒక ఇంటివైనట్టే అవీ ఒక ఇంటివే. అయితే చుట్టరికం ఉన్నంత మాత్రాన లెక్క కుదరాలని లేదు. మలయాలో 'దువ' అంటే రెండు. ఫిజీలో 'దువ' అంటే ఒకటి. అరువు ఇచ్చేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి మరి!

పలుకు

ఇప్పుడు ధ్వనుల సంగతి. ఫిజీ భాషకు అచ్చులు అయిదు. మనకు లాగే హ్రస్వాలు, దీర్ఘాలు ఉన్నాయి. మనం దీర్ఘాన్ని రాతలో చూపిస్తాం కాబట్టి 'పడు' వేరు, 'పాడు' వేరు అని చదవగానే తెలుస్తుంది. వాళ్లు మామూలు రాతలో దీర్ఘం చూపించరు, తెలిసినవాడే పలకాలి. ఇంకో పోలిక మనవారికి ముచ్చటగా ఉంటుంది. తెలుగు అజంత భాష అని మనం చెప్పుకుంటాం గదా, ఫిజీ భాష కూడా అలాంటిదే. ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. ఇంగ్లీషు మాట వస్తే మనం బస్సు, పెన్ను, కారు అని చివర ఉకారం తగిలిస్తాం. వాళ్లు పెన్నును 'పెని' అంటారు, స్టీమరును 'సితిమ' అంటారు. రెండు హల్లులు పక్కపక్కన రావటం వాళ్ల నోటికి సరిపడదు. స్టోరు అనాల్సి వస్తే మన పల్లెల్లో ముందు ఒక ఇకారం పెట్టి 'ఇస్టోరు' అనేవారు. వాళ్లు మధ్యలో ఇకారం పెట్టి 'సితోవా' అంటారు. ఇబ్బంది ఒకటే, వైద్యం వేరు.

అసలు వింత ఏమిటంటే, వాళ్ల భాషలో సున్న లేని బ, సున్న లేని ద, సున్న లేని గ లేవు. మనకు 'నది' వేరు, 'నంది' వేరు. వాళ్లకు ద ఎక్కడ వచ్చినా దానికి ముందు ముక్కుతో పలికే నకారం అంటుకునే ఉంటుంది. విమానాలు దిగే ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్, ఏ, డి, ఐ అని రాస్తారు. మనం చదివితే నది అంటాం. వాళ్లు పలికేది 'నంది'. మాట మొదట్లోనైనా ఈ ముక్కు పలుకు పోదు. నమస్కారానికి బదులు 'బుల' అంటారు, వినటానికి అది 'మ్బుల'. ఆ మాటకు బతుకు, ఆరోగ్యం అని అర్థం. మన ఎంగిలిలో, తంగేడులో వినిపించే 'ంగ' ధ్వనికి వాళ్లు ఇంగ్లీషు క్యూ అక్షరం వాడతారు. వాఙ్మయంలోని ఙ ధ్వనికి జి అక్షరం. 'దిస్, దట్' అనే ఇంగ్లీషు మాటల్లో నాలుకను పళ్ల మధ్య పెట్టి పలికే ధ్వనికి సి అక్షరం.

ఇంత తిరకాసు ఎందుకు పెట్టారని మీరు అడగవచ్చు. 1835లో డేవిడ్ కార్గిల్, విలియం క్రాస్ అనే మిషనరీలు లకెంబ అనే దీవిలో దిగి ఆ భాషకు రాత ఏర్పరచారు. మొదట్లో ఇంగ్లీషు పద్ధతిలో రెండేసి అక్షరాలు కలిపి రాసి చూశారు. చదువుకునేవారు దాన్ని రెండు ధ్వనులుగా విడదీసి చదివి ఇబ్బంది పడ్డారు. వాళ్ల చెవికి అది ఒకే ధ్వని. అందుచేత ఒక్క ధ్వనికి ఒక్క అక్షరం అని నియమం పెట్టుకుని, ఖాళీగా ఉన్న అక్షరాలను వాడుకున్నారు. పరాయివాడి కంటికి తిరకాసుగా కనిపించే ఆ రాత, మాట్లాడేవాడి చెవికి సరిగ్గా సరిపోయింది.

మన రాతలోనూ ఇలాంటివి ఉన్నాయి. 'చలి, చాప, చుక్క' అనేటప్పటి చ వేరు, 'చిలుక, చెట్టు' అనేటప్పటి చ వేరు. పాత నిఘంటువుల్లో మొదటిదానికి ప్రత్యేకంగా గుర్తు పెట్టేవారు. ఇప్పుడు ఎవరూ పెట్టటం లేదు. మన మనవడు పుస్తకంలో చదివితే అన్నీ ఒకే చ. నాయనమ్మ పలికితే వింటేనే ఆ తేడా వాడికి తెలుస్తుంది.

యాసలు

అంత చిన్న దేశంలో ఆ భాష ఒకే తీరుగా ఉంటుందని అనుకోవద్దు. ఊరూరికీ మాట్లాడే తీరును లెక్కవేస్తే సుమారు 300 రకాలు తేలాయి. వీటిని తూర్పు యాసలు, పడమటి యాసలు అని రెండు పెద్ద గుంపులుగా చేశారు. రెండింటి మధ్య సరిహద్దు వీతీ లేవు దీవి మీదుగానే పోతుంది. ఈ కొస ఊరివాడు మాట్లాడితే ఆ కొస ఊరివాడికి బోధపడనంత తేడా ఉంది. పాల్ గెరాగ్టీ అనే భాషాశాస్త్రవేత్త 1983లో రాసిన పుస్తకానికి 'ఫిజీ భాషల చరిత్ర' అని బహువచనంలోనే పేరు పెట్టాడు.

తేడాలు ఎలా ఉంటాయంటే, 'బాగుంది, సంతోషం, ధన్యవాదం' అన్నిటికీ పుస్తక భాషలో 'వినాక' అంటారు. వనువా లేవు వైపు కొన్నిచోట్ల ఆ క పలకరు. దాని చోట గొంతును ఒక్క క్షణం బిగించి వదులుతారు. నంది ఊరు ఉన్న పడమటి వైపు 'వినా' అని ఊరుకుంటారు. మనకు 'వచ్చాడు, వచ్చినాడు, వచ్చిండు' ఉన్నట్టే. గొంతు బిగించే ఆ ధ్వని మన పొరుగున లేనిది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు నేర్చుకుని 1931లో పుస్తకం ప్రకటించిన సవర భాషలో ఉంది. సవర ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబానిది. పేరు దగ్గరగా వినిపించినా ఈ దీవుల కుటుంబం వేరు.

మరి ఇన్ని రకాల్లో పుస్తకాల భాష ఏది అయింది? తూర్పు తీరాన బౌ అనే చిన్న దీవి ఉంది. మ్బౌ అని పలకాలి. మనిషి తీరుబడిగా నడిచినా కొద్దిసేపట్లో చుట్టిరావచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ దీవి నాయకులు బలవంతులయ్యారు. మొదట మిషనరీలు లకెంబ, రేవా, సోమోసోమో యాసల్లో కూడా చిన్న పుస్తకాలు అచ్చువేశారు. ఇన్ని యాసల్లో అచ్చువేయటం తలకు మించిన పని అయ్యేసరికి ఒక్క బౌ మాటను ఎంచుకున్నారు. 1847లో కొత్త నిబంధన, 1850లో డేవిడ్ హేజిల్‌వుడ్ నిఘంటువు ఆ మాటలో వచ్చాయి. 1874లో దేశాన్ని బ్రిటిషువారికి అప్పగించిన నాయకుడు కూడా బౌవాడే. ఇక చెప్పేదేముంది, బడి, గుడి, కచేరీ అన్నిచోట్లా అదే మాట.

బౌ మాట మిగతావాటికంటే తియ్యనిదనో, శుద్ధమైనదనో ఎవరూ పరీక్ష పెట్టి నిర్ణయించలేదు. అధికారం అక్కడ ఉంది, అచ్చుయంత్రం ఒక్కటే ఉంది. అంతే. దేశానికి ఒక ఉమ్మడి భాష కావాలి, అందులో తప్పు లేదు. కాని మూడు నాలుగు తరాలు గడిచేసరికి, పడమటివాడు తన ఇంట్లో మాట్లాడేది తక్కువ మాట అని తానే అనుకోవటం మొదలవుతుంది. నష్టం అక్కడ జరుగుతుంది.

మనవారి సంగతి

ఇందులో తెలుగువారి కథ కూడా కొంత ఉంది. 1879 నుంచి 1916 వరకు చెరకు తోటల్లో పనికి 60 వేలకు పైగా భారతీయులను ఫిజీకి తీసుకుపోయారు. అయిదేళ్ల ఒప్పందం. అగ్రిమెంటు అనే మాట వాళ్ల నోట గిర్మిట్ అయింది. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్లాయి. వాటిలో తమిళులతో పాటు మన విశాఖ, గోదావరి వైపువారూ ఎక్కారు. తోటల లైన్లలో అందరికీ కలిసే భాషగా ఒక కొత్త హిందీ తయారైంది. 1926లో ఏర్పడిన తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంఘం తన బడుల్లో తమిళం, తెలుగు నేర్పించింది. 1941లో తెలుగువారు ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. వాళ్లు పడిన శ్రమ తక్కువది కాదు. అయినా ఇళ్లలో మాట హిందీకి మారిపోయింది.

నేను చెప్పిన పెద్దాయన నాయనమ్మది విశాఖ జిల్లా. ఆయన పదేళ్లవాడిగా ఉండగా ఆమె పోయారు. ఆమె మాట ఒక్కటి ఆయనకు జ్ఞాపకం ఉంది. ఒకరోజు దాన్ని నాకు అప్పగించారు: "రాకూడుతిందూగాని". ఉత్తరాంధ్ర యాస తు.చ. తప్పకుండా వచ్చింది. అన్నం వేళ అయిందని పిలుస్తున్నారన్నది ఆయనకు తెలుసు. కాని ఏది 'రా', ఏది 'కూడు', ఏది 'తిందువుగాని' అని తెలియదు. మొత్తం ఆయనకు ఒకే మాట. నేను విడదీసి అర్థం చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ ఒకసారి చెప్పమన్నారు. డెబ్బై ఏళ్లు ఒక మనిషి లోపల ధ్వని ఉండిపోయింది, భాష మాత్రం పోయింది.

ఇంకొకటి గమనించండి. మనకు 'మనం' వేరు, 'మేము' వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. హిందీలో ఈ తేడా లేదు, ఇంగ్లీషులో లేదు. ఫిజీ భాషలో ఉంది: మనం అంటే 'కెంద', మేము అంటే 'కెయిమామి'. మనవాళ్లు అక్కడ తమ తెలుగు వదిలి హిందీ పట్టుకున్నప్పుడు ఆ తేడాను కూడా వదిలేసుకున్నారు. పక్క ఊళ్లోని మూలవాసి నోట్లో మాత్రం అది నిక్షేపంగా ఉంది.

ఇప్పుడు ఆ దేశంలో 2013 రాజ్యాంగం ప్రకారం ప్రాథమిక పాఠశాలల్లో మూలవాసుల భాష, ఫిజీ హిందీ పిల్లలందరికీ నేర్పాలి. మంచిదే. ఆండ్రూ పాలీ అనే పండితుడు, తిమోతి సయాంబ అనే ఆ దేశస్థుడు కలిసి పడమటి వైపున్న వాయా దీవి యాసకు విడిగా నిఘంటువు చేశారు. ఒక్క దీవి మాటకు నిఘంటువు! మాట్లాడేవారు ఇంకా ఉండగానే పని మొదలుపెట్టారు కాబట్టి అది సాధ్యమైంది.

మన సంగతి

మనకు ఆ దారి చూపినవారు మన ఇంట్లోనే ఉన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం 1962లో వ్యవసాయ పదాలతో మొదలైంది. రెండో సంపుటంలో చేనేత పదాలు వచ్చాయి. రైతుల దగ్గరికి, నేతగాళ్ల దగ్గరికి వెళ్లి, ఏ వస్తువును ఏ ప్రాంతంలో ఏమంటారో రాసుకున్నారు. తెలుగును నాలుగు మాండలికాలుగా, అంటే తూర్పు, దక్షిణ, ఉత్తర, మధ్య మాండలికాలుగా చూడటం ఆ కృషి ఫలితమే. ఉత్తర మాండలికం అంటే మన తెలంగాణది. మధ్య మాండలికం కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలది. పుస్తకాలకు, పత్రికలకు ఈ మధ్య మాండలికం పునాది అయింది. ఎందుకయిందో బౌ దీవి కథ విన్నాక మీకు వేరే చెప్పనక్కరలేదు.

మన బోరబండనే చూడండి. ఈ హాల్లో పాలమూరువారున్నారు, నల్లగొండవారున్నారు, శ్రీకాకుళంవారున్నారు, కడపవారున్నారు. మీరు పల్లీలు అంటారు, వారు వేరుశనగ అంటారు, సీమవారు శెనక్కాయలు అంటారు, బుడ్డలు అంటారు. గింజ ఒకటే. బజారులో ఏ మాటతో అడిగినా ఇస్తాడు, ధర కూడా ఒకటే చెబుతాడు.

కాని అన్నిచోట్లా అంత సులువుగా జరగలేదు. మనలోనే ఒక మిత్రుడున్నారు. పేరు చెప్పను, ఆఫీసూ చెప్పను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పై అధికారి ముందు "సారు ఇప్పుడే పోయిండ్రు" అన్నారట. గదిలో ఉన్నవారంతా నవ్వారట. "ముందు తెలుగు నేర్చుకో" అని అధికారి అన్నారట. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఆయన ఏ మీటింగులోనూ నోరు విప్పలేదు. పని తెలిసిన మనిషి, ఫైలు ఆయన చేతికి వస్తే ఆలస్యం ఉండేది కాదు. నవ్విన నిమిషం నవ్వినవాళ్లు ఎప్పుడో మరిచిపోయారు. ఆయన మరవలేదు. తన పిల్లలకు ఇంట్లో ఆ యాస రానీయలేదు. 'పోయిండ్రు'లో గౌరవం లేదని అనుకున్నవారిదే అజ్ఞానం. ఆ 'డ్రు'లోనే గౌరవం ఉంది. 2014 నుంచి కాళోజీగారి పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. గిడుగువారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ రెండు రోజులూ ఒకే మాట చెబుతున్నాయి: జనం నోట్లోది భాషే.

బోరబండ తరువాతి రైలు స్టేషను హైటెక్ సిటీ. మన పిల్లలు ఆ వైపు ఉద్యోగాలకు వెళ్లి ఇంగ్లీషులో బతుకుతున్నారు. బతకనిద్దాం, ఆ జీతంతోనే ఇళ్లు నడుస్తున్నాయి. వాళ్ల పిల్లలకు బడిలో పుస్తకం తెలుగు కొంత వస్తుంది. ఊరి తెలుగు మాత్రం బడిలో రాదు, ఫోనులో రాదు. మన దగ్గర తప్ప ఎక్కడా దొరకదు. ఆ సరుకు ఇవ్వగలిగిన చివరి తరం మనదే. అందుకని మూడు మనవులు.

మొదటిది, ప్రతి సభ్యుడూ ఒక నోటుపుస్తకంలో తన ఊరి మాటలు ఇరవై రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురావాలి. మాట, అర్థం, ఊరు, ఏ సందర్భంలో అనేవారు అనే నాలుగు వివరాలు చాలు. వంటింటి మాటలు, పొలం మాటలు, పశువులను అదిలించే మాటలు, తిట్లు కూడా రాయండి. తిట్లు వేరే కాగితం మీద రాయండి. కార్యదర్శిగారు ముందు చదివి చూస్తారు.

రెండోది, రాతకు అందని పలుకు ఉందని ఇందాక చెప్పాను. దాని కోసం మనవణ్ణో మనవరాలినో కూర్చోబెట్టుకుని ఫోనులో రికార్డు చేయించండి. ముఖ్యంగా ఆడవారి చేత మాట్లాడించండి. మగవాళ్లం ఆఫీసుల్లో తిరిగి యాస చాలావరకు అరగదీసుకున్నాం. మన ఇళ్లలో ఆడవారి దగ్గర అది ఇంకా పదిలంగా ఉంది.

మూడోది, ఈ హాల్లో ఎవరు ఏ యాసలో మాట్లాడినా నవ్వవద్దు. నవ్వితే ఒక మనిషి నోరు మూతపడుతుంది. దానితో పాటు ఒక ఊరు మూతపడుతుంది.

మీరు తెచ్చిన మాటలకు రాబోయే సంచికలో రెండు పేజీలు కేటాయిస్తామని కార్యదర్శిగారు ఒప్పుకున్నారు. రెండు పేజీలు చాలకపోతే చందా కొంచెం పెంచుదాం. కరువు భత్యం బకాయి ఎలాగూ వస్తుందంటున్నారు గదా!